పెట్టె తిరిగి వెళ్లాక

ముక్తేశ్వరం రేవులో పంటి కోసం తొందరపడి లాభం లేదు. గౌతమి అవతల కోటిపల్లి నుంచి ఆ పడవ రావాలి. వచ్చాక కార్లు దిగాలి, మోటారు సైకిళ్లు దిగాలి, కొబ్బరికాయల ఆటో ఒకటి ఇసకలో దిగబడాలి, నలుగురూ చేరి దాన్ని తోయాలి. అప్పటికి గాని మన వంతు రాదు. ఈ వయసులో ఆ ఎండకు తాళలేక నేను గుడి నీడకు వెళ్లి కూర్చుంటాను. లోపలున్న స్వామి క్షణ ముక్తేశ్వరుడు. అడిగిన క్షణంలోనే ముక్తినిస్తాడని పేరు. పడవ రావడానికి పూట పట్టే ఊళ్లో దేవుడు మాత్రం క్షణంలో పని చేసిపెడతాడురా అని మా తాతయ్య నవ్వేవాడు.

నా చిన్నప్పుడు సినిమా కూడా ఈ నది దాటే మాకు వచ్చేది. రీళ్లున్న రేకు పెట్టె పడవలోంచి దిగి, ఎడ్లబండెక్కి, తాటాకుల టూరింగు హాలుకు చేరేది. దాన్ని ఎవరూ ఫిలిం అనేవారు కాదు, ప్రింటు అనేవారు కాదు. "పెట్టొచ్చిందిరోయ్" అంటే ఆ సాయంత్రం ఆట ఉన్నట్టు. పెట్టె రాకపోతే హాలువాడు మైకులో గ్రామఫోను రికార్డులు వేసి మమ్మల్ని సముదాయించేవాడు. మా దాకా వచ్చేసరికి ఆ ప్రింటు ఎన్ని ఊళ్లు తిరిగిందో, తెర మీద ఎండాకాలంలో కూడా వాన గీతలు పడుతూనే ఉండేవి. నాలుగు రోజులో వారమో ఆడి పెట్టె మళ్లీ నది దాటి వెళ్లిపోయేది. ఎక్కడికెళ్తుందని మేం అడగలేదు. అందులో ఉన్న మనుషులు ఆ తరువాత ఏమయ్యారన్నది అసలే అడగలేదు.

ఆ పెట్టెల్లోంచి వచ్చిన వాళ్లలో ముగ్గురు మా పాత తూర్పుగోదావరి జిల్లా వాళ్లే. కాకినాడ కస్తూరి శివరావు, రాజమండ్రి రాజబాబు, పిఠాపురం పక్కన రాపర్తి హరనాథ్. వెలిగి ఆరినవాళ్లంటే ముందు గుర్తొచ్చే సావిత్రి కథ ఇక్కడ రాయబోవడం లేదు. ఆమె గురించి అందరూ రాశారు, 2018లో సినిమా కూడా తీశారు, దేశమంతా ఏడ్చింది. ఈ ముగ్గురి కోసం అంత మంది ఏడవలేదు.

ముందు హరనాథ్. ఎందుకంటే నేను కళ్లారా చూసిన మొదటి రాముడు ఆయనే.

సీతారామ కల్యాణం 1961 సంక్రాంతికి విడుదలైన సినిమా. మా వైపు వచ్చి ఆడి వెళ్లిపోయాక, శ్రీరామనవమికో శివరాత్రికో ఆ పెట్టె మళ్లీ మళ్లీ వచ్చేది. తెర మీద రాముడు కనపడగానే నేల టిక్కెట్టులో ఆడవాళ్లు చేతులు జోడించేవారు. ఒకసారి ఒక పెద్దాయన కర్పూరం వెలిగిస్తే తాటాకుల హాలు అంటుకుంటుందని హాలువాడు పరిగెత్తుకొచ్చాడు. ఆ సినిమా రామారావు సొంత సినిమా. మాయాబజార్ కృష్ణుడిగా అప్పటికే ఇళ్లలో పటమై వెలిసిన మనిషి. రాముడి వేషం ఆయన అడిగితే కాదనే వారెవరు? ఆయన మాత్రం పది తలల రావణుడిని తీసుకుని, పాతికేళ్లు నిండని కుర్రాడికి రాముడి కిరీటం పెట్టాడు. సీత గీతాంజలి, కథానాయికగా ఆమెకది తొలి సినిమా. లక్ష్మణుడు శోభన్‌బాబు. ఈ లక్ష్మణుడి సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

హరనాథ్ పూర్తి పేరు బుద్ధరాజు అప్పల వెంకట రామ హరనాథ్ రాజు. పుట్టింది 1936 సెప్టెంబరు 2న. తండ్రి వరహాలరాజు ఆంధ్ర క్షత్రియ వంశాల మీద పెద్ద గ్రంథం రాసిన మనిషి. ఎవరి తాత ఎవరో, ఏ ఇంటి ఆడపిల్ల ఏ ఇంటికి వెళ్లిందో ఓపిగ్గా కూర్చి పెట్టిన ఇంట్లో పుట్టాడు. కాకినాడ పీఆర్ కాలేజీలో చదివాడు. 1959లో గుత్తా రామినీడు దర్శకత్వంలో మా ఇంటి మహాలక్ష్మితో తెరకెక్కాడు. పూర్తిగా హైదరాబాదులో తయారైన తొలి తెలుగు సినిమాగా అది చరిత్రలో ఉంది, సారథి స్టూడియోలో తీశారు. అందరూ మద్రాసు రైలెక్కుతున్న రోజుల్లో ఈయన ప్రయాణం హైదరాబాదు నుంచి మొదలైంది.

అందగాడు. ఈ మాట ఒక్కదానితో తెలుగు సినిమా ఆయన్ని కొలిచింది, చివరికి ఈ మాటతోనే సరిపెట్టింది. కలసివుంటే కలదు సుఖంలో రామారావుకు తమ్ముడు. 1962లో భీష్మలో కృష్ణుడు. అదే ఏడు గుండమ్మ కథలో సూర్యకాంతం కొడుకు ప్రభాకరం. ఆ సినిమా ఇవాళ్టికీ చూస్తున్నాం కదా, ఎల్. విజయలక్ష్మి పక్కన ఆ కుర్రాడు ఎంత తేలిగ్గా నిలబడతాడో చూడండి. రామారావు, నాగేశ్వరరావు, ఎస్వీ రంగారావు, సావిత్రి, జమున ఉన్న చోట తనకు దక్కింది నాలుగు సీన్లే అయినా ఎక్కడా తడబడడు. ఆ మహాసముద్రంలో మునిగిపోకుండా తేలడమే ఒక విద్య.

1966లో ఏవీయం వారి లేతమనసులు వచ్చింది. విడిపోయిన భార్యాభర్తలను కవలపిల్లలు కలిపే కథ. జర్మన్ రచయిత ఎరిక్ కాస్ట్నర్ పిల్లల కోసం రాసిన నవల హాలీవుడ్ చుట్టి, తమిళం మీదుగా తెలుగుకు వచ్చింది. కృష్ణన్ పంజు దర్శకులు. తండ్రి హరనాథ్, తల్లి జమున. ఆ సినిమాకు మా అమ్మ ముందే ఏడవడానికి సిద్ధపడి చెంగు సర్దుకుని కూర్చోవడం నాకు గుర్తుంది. ఆ రోజు హాల్లో ఎవరైనా ఈ హీరో పని ఇంక దిగుడేనని చెప్పి ఉంటే వాణ్ని గౌతమిలో ముంచేవారు.

దిగుడు మొదలైంది అక్కడి నుంచే. కారణం తాగుడు అంటారు. నిజమే, ఆయన పేరెత్తితే పరిశ్రమలో మొదటి మాటా చివరి మాటా అదే. నాకు మాత్రం ఆ ఒక్క మాటతో కథ ముగించడం సోమరితనం అనిపిస్తుంది. తాగినవాళ్లందరూ దిగలేదు, దిగినవాళ్లందరూ తాగలేదు. హరనాథ్ నిలబడ్డ చోటే జారుడు బండ. పైన రామారావు, నాగేశ్వరరావు కదలరు. కింద నుంచి కొత్తవాళ్లు ఎక్కుతున్నారు. 1965లో తేనె మనసులుతో కృష్ణ, మరుసటి ఏడు చిలకా గోరింకతో మొగల్తూరు కృష్ణంరాజు. ఆ మధ్య మెట్టు మీద ఉన్నవాడు ప్రతి ఉదయం ముఖం కడుక్కుని, సమయానికి సెట్టు మీదుండి, నిర్మాత కళ్లలో నమ్మకంగా కనపడాలి. అందం దానికదే చాలదు. కుదురు కావాలి. ఆ కుదురునే సీసా తాగేసింది.

ఇక లక్ష్మణుడి సంగతి. శోభన్‌బాబు కూడా అందగాడే. ఆయనకూ ఆ పదేళ్లూ దక్కినవి ఎక్కువగా చిన్న వేషాలే. కాని ఆయన ఇంటికి వేళకు వెళ్లేవాడు. ఆదివారం పని చేయననేవాడు. వచ్చిన డబ్బు మద్రాసులో నేల మీద పెట్టాడు. 1970లు వచ్చేసరికి ఊళ్లలో ఆడవాళ్లు రాముణ్ని వదిలేసి లక్ష్మణుడి సినిమాలకు బారులు తీరారు. 1996లో తనంతట తాను వేషం విప్పి, మళ్లీ తెర మీద ముఖం చూపించకుండా ఇంట్లో కూర్చున్నాడు. అన్నగారు అరణ్యానికి వెళ్తే లక్ష్మణుడు రాజ్యం ఏలిన రామాయణం ఇదొక్కటే.

హరనాథ్ అరణ్యవాసం పద్నాలుగేళ్లతో తీరలేదు. లేతమనసులు నుంచి లెక్కపెడితే ఇరవైమూడేళ్లు. వేషాలు వస్తూనే ఉన్నాయి, కాని ప్రతి వేషం ముందటి దానికంటే ఓ గుమ్మం ఇవతల నిలబడేది. హీరో నుంచి రెండో హీరో, ఆ తరువాత అన్న, ఆ తరువాత ఎవరో. 1984లో చిరంజీవి నాగు వచ్చినప్పుడు నేను అమలాపురంలో చూశాను. మధ్యలో ఒక మొహం కనపడింది. ఎక్కడో చూశానే అనుకున్నాను. ఇంటర్వెల్‌లో పక్కనున్న కుర్రాణ్ని అడిగితే "ఎవరో పాత ఆర్టిస్టండి" అన్నాడు. బయటికొచ్చి పోస్టరు చూస్తే గాని నాకే స్ఫురించలేదు. కర్పూరం వెలిగించిన జనంలో కూర్చుని ఆ రాముణ్ని చూసినవాణ్ని నేను. సిగ్గేసింది.

1989 నవంబరు 1న హరనాథ్ పోయాడు. యాభైమూడేళ్లు. ఆయన అల్లుడు జి.వి.జి. రాజు తీసిన తొలిప్రేమ 1998లో కుర్రకారును ఊపేసింది. ఆ సినిమాకు రోజూ వెళ్లిన కాలేజీ పిల్లలకు ఆ ఇంటి పెద్దాయన ఎవరో చెబితే ఎవరికీ తెలియలేదు.

రాజబాబు కథ అంత పొడుగు కాదు. ఆయనది వేగం. పుణ్యమూర్తుల అప్పలరాజు రాజమండ్రిలో మేష్టారుగా పిల్లలకు తెలుగు చెప్పి, నాటకాలాడి, మద్రాసు చేరాడు. 1960లో సమాజం అనే సినిమాలో కనపడ్డాడు. ఆకలి కాలం కొన్నేళ్లు నడిచింది. ఆ తరువాత పదేళ్లకు పైగా ఆయన లేని సినిమాను కొనడానికి పంపిణీదారు ఆలోచించేవాడు. రమాప్రభ పక్కన ఆయన తెర మీదికొస్తే ఇక మాట వినపడేది కాదు, హాలంతా ఈలలే. మేమూ నవ్వాం, పొట్టలు పట్టుకుని నవ్వాం. ఇప్పుడు టీవీలో అవే సీన్లు చూస్తుంటే ఆ ఒంటిని ఆయన ఎంతగా విరిచేసుకున్నాడో కనపడుతుంది. ఎముకలున్న మనిషిలా ఉండడు.

1973లో దాసరి నారాయణరావు తన తొలి సినిమా తాతా మనవడులో ఆయన్ని ఎస్వీ రంగారావుకు మనవణ్ని చేశాడు. అందులో రాజబాబు ఏడిపించాడు కూడా. ప్రతి పుట్టినరోజుకూ తనకు ముందు తరం నటులను పిలిచి శాలువా కప్పి సన్మానించేవాడు. సంపాదనలో ఉన్న హాస్యనటుడు, వేషాలు తగ్గిన పెద్దల పాదాలకు మొక్కడం మద్రాసులో రోజూ కనపడే దృశ్యం కాదు. బహుశా ఆ పెద్దల ముఖాల్లో తన రేపటిని ఆయన చూసుకుని ఉంటాడు. చూసి కూడా సొంత సినిమాలు తీశాడు. వాటిలో ఒకదాని పేరు మనిషి రోడ్డున పడ్డాడు. పేరు పెట్టేటప్పుడు ఎవరైనా ఆపాల్సింది అని మా వాళ్లు అప్పట్లోనే అనుకున్నారు. ఆరోగ్యం చెడింది, వేషాలు సన్నగిల్లాయి, హాస్యం ధోరణి మారింది. 1983 ఫిబ్రవరిలో, అయిదు పదులు నిండకుండానే, వెళ్లిపోయాడు. కోరుకొండలో ఆయన చలవతో వచ్చిన కాలేజీ ఉంది. నవ్వుకు అంతకంటే మిగిలిందేమీ నేను చూడలేదు.

సొంత సినిమా అన్నాను కదా, ఆ ఊబి గురించి ఒక్క మాట. నటుడు నిర్మాత అయిన రోజున ముందుగా పోయేది తన పారితోషికమే. పంపిణీదారులు ప్రాంతానికింత అని అడ్వాన్సు ఇస్తారు. అది షూటింగు సగంలో హరించుకుపోతుంది. ఆ పైన హుండీ కాగితం మీద అప్పు, దానికి నెల తప్పని వడ్డీ. సెట్లో లైటు వెలిగినా వెలగకపోయినా వడ్డీ వెలుగుతూనే ఉంటుంది. చివరికి నెగటివ్ తాకట్టు. లాబరేటరీలో ఉన్న ఆ డబ్బా, అప్పు తీరేదాకా ప్రింటు తీయడానికి కదలదు. సినిమా ఆడితే నిర్మాత బతికి బట్టకడతాడు. ఆడకపోతే ఇల్లు, కారు, ఇంట్లో ఆడవాళ్ల నగలు వరసగా బయలుదేరతాయి. త్యాగయ్య తీసిన నాగయ్య అంతటివాడు, 1965లో పద్మశ్రీ తీసుకున్నవాడు, ఈ లెక్కల్లోనే కరిగిపోయి చిన్న చిన్న తండ్రి వేషాలతో 1973 చివర్లో కన్నుమూశాడు. తెలిసీ ఎందుకు దిగుతారంటారా? ఇంకొకరి సినిమాలో జనాన్ని నవ్విస్తే డబ్బు వాడిది. నా సినిమాలో నవ్విస్తే నాది. ఈ కూడికలో తప్పేమీ లేదు. అందుకే అందరూ పడ్డారు.

వీళ్లందరికంటే ముందు పడినవాడు కస్తూరి శివరావు. ఆయన కథ నాకు మా తాతయ్య ద్వారా వచ్చింది.

నాకు పదేళ్లప్పుడు రేవులో పంటి కోసం కూర్చుని, తెలుగులో మొట్టమొదటి పెద్ద హాస్యనటుడు రేలంగి అని నేను పెద్ద తెలిసినవాడిలా చెబుతున్నాను. తాతయ్య చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"ఒరేయ్ అబ్బాయ్, రేలంగి మనోడే, కాదన్ను. రావులపాలెం దగ్గర రావులపాడు కదా. కాని మేం గుణసుందరి కథకి కాకినాడ వెళ్లింది రేలంగిని చూట్టానికి కాదురా. శివరావుని చూట్టానికి."

"శివరావెవరు తాతయ్యా?"

తాతయ్య నా వంక కాసేపు చూశాడు. "పోనీలే" అని మళ్లీ చుట్ట అందుకున్నాడు.

శివరావు కాకినాడలో 1913లో పుట్టాడు. సినిమాకు మాట రాని కాలం అది. మూకీ బొమ్మ తెర మీద ఆడుతుంటే పక్కన నిలబడి కథ చెప్పి, పాట పాడి, జనాన్ని కూర్చోబెట్టే మనిషి ఒకడు ఉండేవాడు. శివరావు బతుకు ఆ పనితో మొదలైంది. జపాన్‌లో ఆ పని చేసేవాళ్లను బెంషి అనేవారు. అక్కడ వాళ్ల పేర్లు పోస్టర్ల మీద నటుల పేర్లకంటే పెద్దవిగా వేసేవారు. టాకీలు రాగానే వాళ్ల బతుకులు రోడ్డున పడ్డాయి. దర్శకుడు కురొసావా అన్నగారు ఆ పనిలో ఉండి, అది పోయాక 1933లో ప్రాణం తీసుకున్నాడు. శివరావు మాత్రం గొంతును వెంటబెట్టుకుని తెర పక్క నుంచి తెర మీదికి ఎక్కేశాడు. సినిమాకు మాట వస్తే మిగతావాళ్ల పని పోయింది, ఈయనకు పని దొరికింది.

ఎక్కించింది చిత్తజల్లు పుల్లయ్య. ఆయనదీ కాకినాడే. మా జిల్లా సినిమా చరిత్రలో ఏ తీగ లాగినా పుల్లయ్యగారి పెరట్లోనే తేలుతుంది. 1939లో ఆయన తీసిన వరవిక్రయంతోనే భానుమతి తెరకు వచ్చింది. శివరావూ ఆ సినిమాతోనే వచ్చాడు. ఆ రోజుల్లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు ఉండేది. అవతలి గట్టున దిగి పడవెక్కితే ముక్తేశ్వరం. మరుసటి ఏడే, 1940లో, యుద్ధానికి ఇనుము కావాలని ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్లీ రైలు కూత వినడానికి అరవైనాలుగేళ్లు పట్టింది. పట్టాలు పోయాక కట్ట మాత్రం అలాగే ఉండేదని, జనం దాని మీద నడుచుకుంటూ వెళ్తూ అలవాటుగా "రైలు కట్ట" అనే అనేవారని తాతయ్య చెప్పేవాడు. శివరావు తరువాతి బతుకు తలుచుకుంటే నాకు ఆ కట్టే కళ్లముందుకొస్తుంది.

1948లో బాలరాజు. నాగేశ్వరరావుకు అది గొప్ప మలుపు. శివరావు అందులో యలమంద. మరుసటి ఏడు లైలా మజ్నులో ఉన్నాడు. అదే ఏడు చివర్లో వాహినీ వారి గుణసుందరి కథ. కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచన. షేక్స్‌పియర్ ముసలి రాజు లియర్, ఆయన ముగ్గురు కూతుళ్లు మన ఊరి కథలోకి ఇల్లరికం వచ్చినట్టు వచ్చారు. చిన్నకూతురు తండ్రికి నచ్చని మాట అంటుంది. కోపంతో ఆ రాజు ఆమెను ఒక అవిటివాడికి కట్టబెడతాడు. వాడి పేరు దైవాధీనం. వాడే శివరావు.

అంటే చూడండి, కథానాయకుడు హాస్యనటుడు. వంకర నడక, వికారపు మొహం. ఆ వేషంలో ఉన్నవాడి కోసం శ్రీరంజని కన్నీళ్లు పెట్టుకుంటుంటే హాలు ఆమెతో పాటు ఏడవాలి, అంతలోనే వాణ్ని చూసి నవ్వాలి. శివరావు రెండూ చేయించాడు. దైవాధీనం అసలు శాపం తగిలిన రాజకుమారుడు. చివర్లో శాపం తీరుతుంది, నిజరూపం వస్తుంది. పెద్దల్లుళ్లు ఇద్దరు, పొగరుబోతులు. వాళ్లలో ఒకడు రేలంగి. తెర మీద ఓడిపోయింది ఆ పెద్దల్లుడు. తెర దిగాక చరిత్ర తిరగబడింది. రేలంగి పాతికేళ్లు నవ్వించి, 1970లో పద్మశ్రీ అందుకుని, తాడేపల్లిగూడెంలో తన పేరున సినిమా హాలు కట్టుకున్నాడు. శాపం తీరిన రాజకుమారుడికి అసలు శాపం అప్పుడే మొదలైంది.

గుణసుందరి కథ తరువాత శివరావు కారు ఆగితే జనం మూగేవారని, హీరోలను దాటుకుని ఆయన్ని చూడటానికి తోసుకునేవారని తాతయ్య తరం కథలు కథలుగా చెప్పుకునేది. 1950లో స్వప్నసుందరిలో ఉన్నాడు. ఆ ఏడే తన చేత్తోనే గొయ్యి తవ్వుకున్నాడు. సొంతంగా, తానే దర్శకుడుగా, పరమానందయ్య శిష్యులు తీశాడు. గురువు, ఆయన పన్నెండు మంది తెలివితక్కువ శిష్యులు. సూదిని తాటిదుంగకు గుచ్చి అందరూ మోసుకొచ్చిన కథ, ఏరు నిద్రపోయిందో లేదో కొరకంచుతో చూసిన కథ. తెలుగు గడ్డ మీద ఈ కథలు వినకుండా అన్నం తిన్న పిల్లవాడు లేడు. హాస్యనటుడికి ఇంతకంటే ధీమా ఇచ్చే సరుకు ఏముంటుంది? తరువాత వెండితెరను ఏలిన గిరిజ ఆ సినిమాతోనే పరిచయమైంది. ఆమెను నిలబెట్టిన సినిమా ఆయన్ని కూల్చింది.

శివరావు ఎందుకు ఓడాడో నాకు తోచింది చెబుతాను. ఆయన విద్య అంతా ఒకరి కథలో దూరి దాన్ని లాక్కోవడం. తెర పక్కన నిలబడి కథ చెప్పిన రోజుల నుంచీ అంతే. బొమ్మ ఇంకొకడిది, ప్రాణం ఈయనది. మొత్తం బండి తనే తోలాల్సి వచ్చేసరికి ఆ విద్య అక్కరకు రాలేదు. హాలీవుడ్‌లో బస్టర్ కీటన్‌కు దీనికి తలకిందులుగా జరిగింది. తన సినిమా తనే తీసుకున్నన్నాళ్లూ వెలిగి, 1928లో పెద్ద స్టూడియో జీతానికి కుదిరాక మసకబారాడు. కాబట్టి సొంతంగా తీయడం తప్పా, తీయకపోవడం తప్పా అంటే నాకూ తెగదు.

పదహారేళ్లు బతికాడు ఆ తరువాత. వేషాలు చిన్నవయ్యాయి, పేరు టైటిల్స్‌లో కిందికి జారింది. శివరావు చేయాల్సిన వేషాలకు రేలంగి, ఆ తరువాత రమణారెడ్డి, పద్మనాభం వచ్చారు. నేను రేవులో తాతయ్యతో "శివరావెవరు" అన్నప్పటికి శివరావు పోయి రెండేళ్లయినా కాలేదు. ఆ సంగతి మా తాతయ్యకూ తెలియదు. బతికే ఉన్నాడనుకుంటూనే మాట్లాడాడు.

గుడి నీడలో కూర్చున్నప్పుడు ఇవన్నీ గుర్తొస్తాయి. మొన్న పంటి నడిపే సరంగు నన్ను చూసి "మేష్టారండీ, వంతెన పడితే ఈ కాపలా ఉండదండీ, ఆయ్" అన్నాడు. రైలు వంతెన స్తంభాలు నదిలో నిలబడి ఉన్నాయి. వంతెన వస్తే పంటి ఉండదు. పంటి పోయిన మర్నాడు ఈ సరంగు పేరు ఎందరికి గుర్తుంటుందని నేను అడగలేదు.

1966లో పరమానందయ్య శిష్యుల కథ తెలుగులో మళ్లీ వచ్చింది. ఈసారి రామారావు ఉన్నాడు, కె.ఆర్. విజయ ఉంది. ఇప్పటికీ టీవీలో వస్తూనే ఉంటుంది. దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య, ఇరవైఏడేళ్ల కిందట వరవిక్రయంతో శివరావును తెరకెక్కించిన ఆ పుల్లయ్యే. శివరావు చనిపోయింది ఆ ఏడాదే.